పాత పాటలకే వచ్చిన జబ్బు: సుంకి ఘాట్ బండి స్టీరియో కేసు

మా స్టీరియో షెడ్డుకి వచ్చిన ఈ బండి ఏడు సీట్ల డీజిల్ ట్యాక్సీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో బయల్దేరి పొట్టంగి దాటి, సుంకి ఘాట్ దిగి, సాలూరు మీదుగా విజయనగరం వైపు 26వ నంబరు జాతీయ రహదారి మీద తిరుగుతుంది. నడిపేది యజమానే, తెలుగాయన. ఎక్కేవాళ్లలో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, దేశియా (కోరాపుట్ వైపు వాడుక భాష) మాట్లాడేవాళ్లు అందరూ ఉంటారు. పొద్దున భక్తి పాటలు, పగలు ఒడియా పాటలు, రాత్రి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఆయన కోసం పాత తెలుగు పాటలు. పేరు, ఊరు, సెట్టు కంపెనీ ఈ కేసుకు అక్కర్లేదు కాబట్టి వదిలేశాం.

స్టీరియో సెట్టు బండితో వచ్చింది కాదు, తర్వాత బిగించింది. 13 బ్యాండ్ల ఈక్వలైజర్, అంటే బాస్ నుంచి ట్రెబుల్ దాకా శబ్దాన్ని 13 ముక్కలు చేసి ఒక్కోదాన్ని విడిగా పెంచి తగ్గించేది. ఒక్కో బ్యాండు పైకి 6 మెట్లు, కిందికి 6 మెట్లు, మెట్టుకు 2 డెసిబెల్. వాల్యూమ్ 40 వరకు ఉంటుంది. విడిగా యాంప్ (పవర్ పెంచే పెట్టె) లేదు, వూఫర్ (అడుగు బాస్ ఇచ్చే పెద్ద స్పీకరు) లేదు. ముందు తలుపుల్లో ఆరున్నర అంగుళాల కోయాక్సియల్ స్పీకర్లు, అంటే ట్రెబుల్ ఇచ్చే చిన్న ట్వీటర్ కూడా అందులోనే ఉండేవి. వాటిని వేరేచోట ఏడాది కిందట మార్పించారు. వెనక తలుపుల్లో కంపెనీతో వచ్చిన కాగితం కోన్ స్పీకర్లు.

తెచ్చిన ఇబ్బంది

"పాటొస్తంది గానీ మాట రాట్లేదన్నా. ఘాటెక్కితే ఏటీ తెలీదు. సౌండు పెంచితే పగిలిపోతంది." ఇది ఆయన మొదటి మాట. ఆ వెంటనే ఇంకోటి కూడా చెప్పారు: "కొత్త పాటలు పర్లేదు. పాతవే బావిలోంచి పాడినట్టుంటాయి. జయపూర్ రేడియో వార్తలూ అంతే."

ఈ రెండో మాటలోనే జబ్బు పేరు ఉంది. మొదటి రోజు దాన్ని పట్టించుకోలేదు. పాత రికార్డింగు అలాగే ఉంటుంది, జయపూర్ (కోరాపుట్ జిల్లా) లాంటి మీడియం వేవ్ రేడియోలో హై ఫ్రీక్వెన్సీ ఎలాగూ తక్కువే అని పక్కన పెట్టాం. ఈ కేసు రాయడానికి అసలు కారణం ఆ పొరపాటే.

వచ్చినప్పుడు సెట్టింగు, మెట్లలో, ఇలా ఉంది. 50, 80 హెర్ట్జ్ రెండూ +6, 125 దగ్గర +5. మధ్యలో 315 నుంచి 800 వరకు -3, -4. మళ్లీ 5 కిలోహెర్ట్జ్ దగ్గర +5, 8, 12.5 రెండూ +6. తెర మీద చూస్తే నవ్వుతున్న నోరులా ఉంది. దాని మీద బాస్ బూస్ట్ పూర్తిగా, లౌడ్‌నెస్ ఆన్, ఫోన్‌లో ఇంకో ఈక్వలైజర్ యాప్. హై పాస్ ఫిల్టర్ (అడుగు శబ్దాలు స్పీకరుకి పోకుండా ఆపేది) ఆఫ్. వాల్యూమ్ 34.

పెంచేకొద్దీ ఎందుకు పగులుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. 3 డెసిబెల్ పెంచితే పవర్ రెట్టింపు కావాలి. 6కి 4 రెట్లు, 12కి దాదాపు 16 రెట్లు. ఆ సెట్టు అట్టపెట్టె మీద 50 వాట్లు, నాలుగు ఛానెళ్లు అని ఉంది. కానీ లోపలి యాంప్‌కి అందేది బండి కరెంటే: ఇంజిన్ నడుస్తుంటే సుమారు 14.4 వోల్టులు. 4 ఓమ్‌ల స్పీకరు మీద అంత వోల్టేజీతో శుభ్రంగా వచ్చే సైన్ వేవ్‌కి లెక్కల్లో పరిమితి 26 వాట్లు, నిజంగా దక్కేది 20 చిల్లర. పాటలో బాస్ 2 వాట్లతో నడుస్తోందనుకుంటే, 12 డెసిబెల్ ఎత్తడానికి 32 వాట్లు కావాలి. లేవు. అప్పుడు తరంగం తల కోసుకుపోతుంది, అదే మనం పగలడం అంటాం. కోసుకుపోయిన తరంగంలో పుట్టే అదనపు హై ఫ్రీక్వెన్సీ ట్వీటర్ కాయిల్‌ని వేడెక్కిస్తుంది. ట్వీటర్లు పోవడానికి పెద్ద యాంపే కారణం కానక్కర్లేదు, చాలని పవర్‌ని ఈక్వలైజర్‌తో పిండినా పోతాయి.

మొదటి రెండు ప్రయత్నాలు

మొదటిసారి అందరూ చేసేదే చేశాం. 13 బ్యాండ్లూ సున్నాకి తెచ్చి, బాస్ బూస్ట్, లౌడ్‌నెస్ తీసేసి, 80, 125 చెరో 2 మెట్లు ఇచ్చాం. లౌడ్‌నెస్ తీయడానికి కారణం ఉంది. తక్కువ సౌండులో మన చెవికి బాస్, ట్రెబుల్ తక్కువ వినిపిస్తాయని 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. లౌడ్‌నెస్ బటన్ ఆ లోటు పూడ్చడానికే. సౌండు పెంచాక చెవికి ఆ లోటు చాలావరకు పోతుంది, బటన్ మాత్రం పెంచుతూనే ఉంటుంది. ఏడుగురు కూర్చున్న బండిలో వాల్యూమ్ 34 దగ్గర అది ఆన్‌లో ఉండడం నష్టమే.

షెడ్డులో ఇంజిన్ ఆపి, ఒక కొత్త పాట పెట్టి వింటే బాగానే ఉంది. ఐదో రోజుకి బండి తిరిగొచ్చింది. సెట్టింగు మళ్లీ అదే నవ్వే నోరు. డ్రైవరును తప్పు పట్టడానికి లేదు. ఆయనకి లేనిది ఏదో ఉంది, దాన్ని తన చేతిలో ఉన్న ఒక్క పనిముట్టుతో తెచ్చుకోబోయాడు.

రెండోసారి కొలిచాం. పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) ఫైలు పెట్టి, ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో గీతగా చూపే స్పెక్ట్రమ్ యాప్ ఫోన్‌లో తెరిచి, ఫోన్‌ని డాష్‌బోర్డు నడిమధ్య ఆనించాం. 80 నుంచి 200 హెర్ట్జ్ వరకు పెద్ద గుంట, దాదాపు 10 నుంచి 12 డెసిబెల్ లోతు. సన్న స్పీకర్లు, బాస్ ఇంతే అని తేల్చేశాం. సీటు కింద పెట్టే 8 అంగుళాల వూఫర్ వేయించుకోమని సలహా కూడా ఇచ్చాం. ఆయన డబ్బు కట్టడానికి సిద్ధపడ్డారు. అది వేసి ఉంటే అడుగు బాస్ వచ్చేది, మాట మాత్రం బావిలోనే ఉండిపోయేది.

ఆ కొలతలో రెండు తప్పులున్నాయి. ఫోన్ పెట్టిన చోటు రెండు స్పీకర్లకీ సమాన దూరం. ఒకదాన్నొకటి చంపుకునే స్పీకర్లయితే గుంట అందరికంటే లోతుగా కనబడేది సరిగ్గా అక్కడే. ఇక ఆరున్నర అంగుళాల స్పీకరుకి 50 హెర్ట్జ్ దగ్గర బలం లేకపోవడం సహజం, 125, 160 దగ్గర లేకపోవడం సహజం కాదు. అంత మంచి స్పీకరు అక్కడ ఎందుకు చతికిలబడిందో అప్పుడే అడగాల్సింది.

బ్యాలెన్స్ తిప్పితే

వూఫర్ తెప్పించే ముందు ఆయన రాత్రి వినే పాటలు పెట్టించి విన్నాం. 1950, 60ల నాటి ఘంటసాల పాటలు. అవి మోనో రికార్డింగులు: ఎడమ ఛానెల్‌లో ఉన్నదే కుడి ఛానెల్‌లోనూ ఉంటుంది. మీడియం వేవ్ వార్తలూ అంతే. కొత్త పాటల్లో వాయిద్యాలు అటూ ఇటూ పంచి ఉంటాయి, గొంతు, బాస్, డోలు మాత్రం రెండు వైపులా సమానంగా ఉంటాయి. అంటే ఈ బండిలో రెండు వైపులా సమానంగా ఉన్నదే చచ్చిపోతోంది, వేరువేరుగా ఉన్నది బతుకుతోంది. కరోకే కోసం పాటలోంచి గొంతు తీసేయడానికి వాడే పాత పద్ధతి కూడా ఇదే, ఒక ఛానెల్‌లోంచి ఇంకోటి తీసేయడం.

పరీక్ష ఒక నిమిషం పని. ముందు, వెనక స్పీకర్లకి సౌండు పంచే ఫేడర్ పూర్తిగా ముందుకి తోసి, వెనక స్పీకర్ల నోరు మూయించాం. మోనో పాట పెట్టి, ఎడమ కుడి పంచే బ్యాలెన్స్ మధ్యలో ఉంచి విన్నాం, తర్వాత పూర్తిగా ఎడమకి తిప్పాం. ఒక స్పీకరు ఆగిపోయింది కాబట్టి సౌండు తగ్గాలి. బాస్ పెరిగింది, గొంతు ముందుకొచ్చి నిలబడింది. ఒక స్పీకరు ఆపితే బాస్ పెరిగిందంటే ఆ జతలో ఒకదానికి ప్లస్ మైనస్ తారుమారైనట్టే: ఒక కోన్ గాలిని తోస్తుంటే ఇంకోటి లాగుతూ దాన్ని చంపేస్తోంది.

ఏది తిరగబడిందో తేల్చడానికి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. ముందుగా స్పీకరు తీగలు సెట్టు నుంచి విప్పాలి. ఈ సెట్ల యాంప్‌లో స్పీకరుకెళ్లే రెండు తీగల మీదా వోల్టేజీ ఉంటుంది, మైనస్ అని పేరే గానీ అది బాడీ ఎర్త్ కాదు. దాన్ని బాడీకి తగిలిస్తే యాంప్ ఐసీ (చిప్) పోయే ప్రమాదం ఉంది. విప్పాక, సెట్టు వైపు కప్లర్ (తీగలు కలిపే ప్లగ్) దగ్గర ప్లస్ తీగకి సెల్ ప్లస్, మైనస్ తీగకి మైనస్ ఒక్క క్షణం తాకించి కోన్‌ని చూడాలి. బయటికి వస్తే సరి, లోపలికి పోతే తారుమారు. నాలుగింట్లో ముందు కుడిది ఒక్కటే లోపలికి పోయింది.

ముందు కుడికి బూడిద రంగు తీగ ప్లస్, బూడిద మీద నల్ల గీత ఉన్నది మైనస్. స్పీకర్లు మార్చినప్పుడు బండి కప్లర్ సరిపోక తీగలు కోసి మెలిపెట్టి టేపు చుట్టారు, ఆ రెండూ అక్కడ అటూ ఇటూ అయ్యాయి. స్పీకరు దగ్గర వెడల్పు ట్యాగ్ ప్లస్, సన్నది మైనస్. సరిచేసి, సోల్డర్ పెట్టి, హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించాం. టేపు జాయింటు ఈ వానలకి రెండేళ్లలో పచ్చబడుతుంది.

ఫోన్‌ని ఇదివరకు పెట్టిన చోటే పెట్టి చూశాం. ఈక్వలైజర్ ముట్టుకోలేదు, అన్నీ సున్నా. 100 హెర్ట్జ్ చుట్టుపక్కల గీత 9 డెసిబెల్ దాకా లేచింది. ఆ 9 డెసిబెల్ ఈక్వలైజర్‌తో తేవాలంటే 8 రెట్లు పవర్ పట్టేది.

విప్పినప్పుడు ఎడమ తలుపులో ఇంకో చిన్న సంగతి బయటపడింది. రేకు మీద అతికించి ఉండే ప్లాస్టిక్ షీటు చిరిగి వేలాడుతోంది. కోన్ వెనక పుట్టే గాలి అల తలుపు కంతల్లోంచి ముందుకొచ్చి ముందు అలనే కొట్టేస్తుంది. పెద్ద కంతలు బ్యూటైల్ షీటుతో (అతుక్కునే రబ్బరు లాంటిది) మూసి, స్పీకరు అంచు చుట్టూ ఫోమ్ పట్టీ వేశాం. తలుపు అడుగున నీళ్లు కారే రంధ్రాలు మాత్రం మూయలేదు. కోరాపుట్ వానకి అద్దం సందుల్లోంచి దిగే నీళ్లకి దారి ఉండాలి, లేకపోతే ఏడాదిలో తలుపే తుప్పు పడుతుంది.

ఆ తర్వాతే ఈక్వలైజర్

ముందు ఫోన్‌లోని యాప్ తీయించాం. రెండు ఈక్వలైజర్లు ఒకదాని మీద ఒకటి ఉంటే ఏది ఏం చేస్తోందో ఎవరూ చెప్పలేరు. పైగా ఫోన్‌లో పెంచినది సెట్టుకి చేరకముందే కోసుకుపోతే సెట్టులో ఎంత తగ్గించినా బాగుపడదు.

హై పాస్ 80 హెర్ట్జ్, ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్ వాలు. 63 కూడా పెట్టి చూశాం. వాల్యూమ్ 28 దాటితే కోన్ ఊగిపోతోంది, గొంతు వణుకుతోంది. ఆ స్పీకరు ఎలాగూ ఇవ్వలేని 40, 50 హెర్ట్జ్ కోసం కోన్ అటూ ఇటూ కదిలి అలసిపోతే, అదే కోన్ మీదుగా వచ్చే మాట చెడుతుంది. వూఫర్ లేని బండిలో ఫిల్టర్ ఆఫ్‌లో పెట్టకూడదనే మా అభిప్రాయం.

తర్వాత వాల్యూమ్ హద్దు. ఇంజిన్ స్టార్ట్ చేసి, 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి, ఒక్కో అంకె పెంచుతూ పోయాం. శుభ్రమైన ఈల లాంటి శబ్దం 32 దగ్గర గరగరమంది. ఒక్కోసారి రెండు మూడు సెకన్లకి మించి మోగించలేదు, ఎక్కువసేపు మోగిస్తే ట్వీటర్‌కి ప్రమాదం. హద్దు 29 అని డ్రైవరుకి చెప్పాం. ఇదంతా ఇంజిన్ ఆపి చేస్తే బ్యాటరీ 12.6 వోల్టులే ఇస్తుంది, హద్దు తప్పుగా వస్తుంది. మొదటిసారి చేసింది అదే.

ఇప్పుడు కొలత. ఈసారి ఫోన్ ఒకే చోట పెట్టలేదు. ముందు సీటు తల దగ్గర, మధ్య వరసలో మూడు చోట్ల, వెనక వరసలో రెండు చోట్ల పట్టుకుని ఆరింటి సగటు చూశాం. ఫోన్ మైకు 100 హెర్ట్జ్ కింద నమ్మదగింది కాదు, అక్కడ చెవే దిక్కు. గీతలో 200 దగ్గర దిబ్బ, 3.15 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు. మొదటిది తలుపు డొల్ల మోత, రెండోది ముందు అద్దం నుంచి తిరిగొచ్చే శబ్దం.

గీత ఒక్కదాన్నే నమ్మకుండా చెవితోనూ వెతికాం. వార్తలు చదివే గొంతు పెట్టి ఒక్క బ్యాండు మాత్రం 3 మెట్లు ఎత్తి వినాలి, మళ్లీ సున్నాకి తెచ్చి పక్కదానికి పోవాలి. ఏది ఎత్తినప్పుడు వికారంగా ఉందో దాన్నే సున్నాకి కిందికి దించాలి. 200 ఎత్తితే గొంతు కుండలో పెట్టినట్టయింది. 3.15 ఎత్తితే స, శ, చ అక్షరాలు చెవిలో గుచ్చాయి. తెలుగు మాటకి ఆ 2 నుంచి 4 కిలోహెర్ట్జే ప్రాణం కాబట్టి అక్కడ ఎక్కువ కోయడానికి చెయ్యి రాలేదు.

చివరికి నిలిచిన మెట్లు: 50 దగ్గర -4, 80 దగ్గర 0, 125 దగ్గర +1, 200 దగ్గర -2, 315 దగ్గర -1, 500, 800 సున్నా, 1.25 కిలోహెర్ట్జ్ +1, 2 సున్నా, 3.15 దగ్గర -2, 5 దగ్గర -1, 8 సున్నా, 12.5 దగ్గర +1. పెంచినవి మూడే, ఒక్కో మెట్టే. నవ్వే నోరు పోయి, అక్కడక్కడా గతుకులున్న బల్లపరుపు నేల మిగిలింది. పాత పాట పెట్టగానే ఆయన చెయ్యి వాల్యూమ్ మీదికి పోయి, ముందు 34లో వినేది 22కి దించింది. ఎవరూ చెప్పలేదు.

పెన్‌డ్రైవ్ పాటల సంగతి ఒక్క ముక్క. డౌన్‌లోడ్ షాపుల్లో నింపే ఫైళ్లలో 128 కేబీపీఎస్‌ని 320కి మార్చినవి ఉంటాయి. పోయిన ట్రెబుల్ ఆ మార్పుతో తిరిగి రాదు, 8 కిలోహెర్ట్జ్ ఎత్తితే చిర్రుమనే మోత మాత్రమే వస్తుంది. ఆయన పెన్‌డ్రైవ్‌లో అలాంటివి ఉన్నాయని చెప్పి వదిలేశాం.

ఘాట్‌లో

షెడ్డులో కుదిరింది ఘాట్‌లో కుదరదని ఐదో రోజున నేర్చుకున్నాం కాబట్టి ఈసారి ఆయన నడుపుతుంటే పక్క సీటులో కూర్చుని సుంకి మలుపుల దాకా వెళ్లి చూశాం. నడిపేవాళ్లు తెర ముట్టకూడదు, ముఖ్యంగా ఆ రోడ్డులో.

నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఒక్కో చుట్టుకి రెండుసార్లు పేలుతుంది. ఆర్‌పీఎమ్‌ని 30తో భాగిస్తే మోత ఎక్కడుందో వస్తుంది. మైదానంలో టాప్ గేరులో 1,900 దగ్గర 63 హెర్ట్జ్, మాటకి అడ్డం రాదు. ఘాట్ ఎక్కుతూ రెండో గేరులో 3,000 పట్టుకుంటే సరిగ్గా 100 హెర్ట్జ్. మృదంగం, బాస్ గిటార్ కూర్చునే చోటే అది. డ్రైవరు ఘాట్ ఎక్కగానే బాస్ ఎత్తడానికి కారణం ఇదే, అందులో ఆయన చెవి అబద్ధం చెప్పలేదు.

కానీ 100 హెర్ట్జ్ దగ్గర ఇంజిన్‌తో పోటీ పడితే 20 వాట్ల సెట్టు ఓడిపోతుంది. 100 హెర్ట్జ్ స్వరంతో పాటే 200, 300 దగ్గర దాని పై స్వరాలు ఉంటాయి. అవి వినబడితే అడుగు స్వరం మునిగిపోయినా చెవి దాన్ని అల్లుకుంటుంది. చిన్న రేడియోలో కూడా బాస్ గొంతు గుర్తుపట్టగలిగేది అందుకే. కాబట్టి ఘాట్ కోసం రెండో మెమరీలో 125ని సున్నాకి దించి, 200ని -2 నుంచి 0కి, 315ని -1 నుంచి 0కి తెచ్చాం, 2 కిలోహెర్ట్జ్‌కి ఒక మెట్టు ఇచ్చాం. ఆగిన బండిలో ఇది డొల్లగా వినిపిస్తుంది, రెండో గేరులో మాట నిలబడుతుంది. ఘాట్‌లో వాల్యూమ్ 25 దాటవద్దన్నాం. మలుపు అవతల లారీ హారన్ కొడితే వినబడాలి, అది పాటకంటే ముఖ్యం.

టైమ్ అలైన్‌మెంట్ (దగ్గరి స్పీకరుని కాస్త ఆలస్యంగా మోగించే ఏర్పాటు) ఆ సెట్టులో ఉంది, వాడలేదు. డ్రైవరు తలకి కుడి స్పీకరు ఎడమదానికంటే అర మీటరు దగ్గర. శబ్దవేగం సెకనుకి 343 మీటర్లు కాబట్టి 343 హెర్ట్జ్ దగ్గర ఆయన సీటులో ఒక గుంట ఉంటుంది. కుడిదాన్ని ఒకటిన్నర మిల్లీసెకను ఆపితే ఆయనకి పూడుతుంది, ఎడమ పక్క సీటులో గుంట ఇంకా కిందికి, అసలు గొంతు ఉండే చోటికి జరుగుతుంది. టికెట్ కొన్నవాళ్లు ఆరుగురు. ఆ సంగతి ఆయనకి వివరిస్తే "నాకు సరిపోద్ది, ఆళ్లకి ఇనబడాల" అన్నారు. అలాగే వదిలేశాం.

తర్వాత మారినవి, మిగిలినవి

షెడ్డులో పని వరస మారింది. సౌండు బాగోలేదని ఏ బండి వచ్చినా ఈక్వలైజర్ సున్నా చేసి, ఫేడర్ ముందుకి తోసి, మోనో పాటతో బ్యాలెన్స్ తిప్పి చూస్తాం. తర్వాత వెనక జత, ఆ తర్వాత ముందుదీ వెనకదీ కలిపి. స్పీకర్లు ఇదివరకు మార్చిన బండైతే పెన్సిల్ సెల్ తప్పనిసరి. ఫిల్టర్, వాల్యూమ్ హద్దు అయ్యాకే బ్యాండ్లు. వూఫర్ మాట వీటన్నిటి తర్వాత. మొదటి రోజు వచ్చినాయన ఏ పాటలు బాగున్నాయన్నారో, ఏవి బాగోలేదన్నారో విడివిడిగా రాసుకుంటున్నాం, ఎందుకంటే ఈ కేసులో అది వినడానికే మూడు రాకపోకలు పట్టింది.

ఆరు వారాల తర్వాత బండి వేరే పని మీద వచ్చినప్పుడు సెట్టు తెరిచి చూశాం. రెండు మెమరీలూ అలాగే ఉన్నాయి. మధ్యలో ఎవరో ప్రయాణికుడు సెట్టుతోనే వచ్చిన ప్రీసెట్ (ముందే పెట్టి ఉంచిన సెట్టింగు) నొక్కితే, మేం ఇచ్చిన తెర ఫొటో ఫోన్‌లో చూసుకుని ఆయనే మళ్లీ పెట్టుకున్నారు. 8 కిలోహెర్ట్జ్ మాత్రం ఒక మెట్టు పైన ఉంది. వయసు మీద పడిన చెవికి ఆ ఫ్రీక్వెన్సీ ముందు తగ్గుతుంది, ఆయనకి అలా బాగుందంటే దించాల్సిన పని లేదు. వెనక కుడి తలుపు ట్రిమ్ 160 హెర్ట్జ్ దగ్గర ఇంకా గలగలమంటోంది. రెండు క్లిప్పులు విరిగాయి, కొత్తవి విజయనగరం నుంచి రావాలి.